భిక్షుసంఘమున భిన్నాభిప్రాయము

కర్నూలు జిల్లాలో గుత్తికి చేరువనున్న ఎఱ్ఱగుడి బండలమీద అశోక చక్రవర్తి చెక్కించిన పదునాలుగు శిలాశాసనములలో పండ్రెండవది పరమత సహనమును గూర్చినది. తన మతమును పొగడుకొనునపుడును పరుల మతమును విమర్శించునపుడును మాటను అదుపులో నుంచుకొనవలెననియు, అకారణముగా అన్యమతమును నిందించువాడు తన మతమునకే చేటు తెచ్చుననియు అది బోధించుచున్నది. ఆ చక్రవర్తియే సారనాథమునందును, సాంచియందును, కౌశాంబి మహామాత్రుల నుద్దేశించి నేడు అలహాబాదు కోటలోనున్న స్తంభముమీదను వ్రాయించిన శాసనము మఱియొకటి కలదు. భిక్షువు కానిండు, భిక్షుణి కానిండు, సంఘమును చీల్చినవారికి తెల్లబట్టలు కట్టించి ఆవాసము వెలుపలికి పంపవలెనని దాని యాజ్ఞ. బ్రాహ్మణులను, నిర్గ్రంథులను, ఆజీవకులను సమానముగా నాదరించిన హృదయము స్వకీయసంఘములోని చీలికను మాత్రము సహింపజాలకపోయెను.

దీనిని వైరుధ్యమని త్రోసివేయుట సులభమే కాని, ఈ రెండు శాసనములును ఒకే అనుభవమునుండి పుట్టినవని నా నమ్మకము. పరాయివాని విశ్వాసము మన యింటి వెలుపల నుండును. దానిని గౌరవించుటకు మనము విడిచిపెట్టవలసినది స్వల్పము. సోదరుడన్ననో మన పంక్తిలోనే కూర్చుండి, మన గురువు పేరే చెప్పి, మన సూత్రమునకే వేఱర్థము చెప్పును. అతడు తప్పైనచో మన జీవితము నిలిచియున్న పునాదియే తప్పగునేమో యను భయము అతని ప్రతి మాటలోను మనకు వినవచ్చును. కావున సోదరసంఘములలో సహనము మంచిమనస్సుమీద మాత్రమే ఆధారపడి నిలువజాలదు. దానికొక పద్ధతి కావలెను, ఆ పద్ధతిని పాటించు అభ్యాసము కావలెను. మన దేశమున ఈ ప్రయోగమును మిక్కిలి దీర్ఘకాలము, మిక్కిలి శ్రద్ధతో చేసి, తన పరాజయములను సైతము దాచక వ్రాసియుంచుకొన్న సంస్థ బౌద్ధ భిక్షుసంఘము. ఆ సంఘపు నియమగ్రంథమగు వినయపిటకమును, దాని వ్యాఖ్యలగు అట్టకథలను, మన కృష్ణాతీర శాసనములను కలిపి చదివినచో ఈ ప్రశ్నకు సంబంధించిన అన్ని ముఖములును కనబడును.

మొదట చెప్పవలసినది కౌశాంబి కలహము. ఘోషితారామమున ఒక వినయధరుడును ఒక ధర్మకథికుడును తమ తమ శిష్యులతో నివసించుచుండిరి. ధర్మకథికుడొకనాడు శౌచస్థలమున పాత్రలో నీరు మిగిల్చి వచ్చెనట. అది దోషమని వినయధరుడు చెప్పగా, దోషమైనచో ఒప్పుకొందునని ఆయన బదులు చెప్పెను. బుద్ధిపూర్వకముగా చేయలేదు గనుక దోషము లేదని వినయధరుడే అనెను. అంతటితో ముగియవలసినది. కాని వినయధరుడు తన శిష్యులతో ఆయన తన దోషమును తానెఱుగడని అనుటయు, ఆ మాట శిష్యులనుండి శిష్యులకు పోవుటయు, మొదట దోషము లేదన్నవాడు ఇప్పుడు కలదనుచున్నాడు గనుక ఆయనయే అసత్యవాది యని రెండవ పక్షమువారు అనుటయు జరిగెను. ఈ నీటిపాత్ర కథ అట్టకథలోనిది. మూలవినయము దోషమేమో పేర్కొనదు. మూలము ఊరకుండుటలోనే ఒక వివేకమున్నది. కలహము ముదిరిన పిమ్మట దోషమేదైనను ఒకటే. ఆ భిక్షువును ఉత్క్షేపణీయ కర్మచే సంఘవ్యవహారములనుండి తొలగించిరి. అతని మిత్రులు ఆ తీర్మానమును అంగీకరింపరైరి. సంఘమంతయు కూడి జరుపవలసిన ఉపోసథమును ఒక పక్షము సీమలోపలను, మఱొక పక్షము సీమ వెలుపలను జరుపజొచ్చెను. భోజనశాలలో భిక్షువులు ఒకరినొకరు చేతులతో త్రోసికొనువఱకు పోయినది.

అపుడు బుద్ధుడు ఇరుపక్షములకును చెప్పిన మాటలను పక్కపక్కన పెట్టి చదువవలయును. తొలగించినవారితో ఆయన, మాకిట్లు తోచినది గనుక తొలగించితిమనుట చాలదనెను. ఈ భిక్షువు బహుశ్రుతుడు, లజ్జాశీలుడు; ఇతనిని వెలిపెట్టి ఉపోసథము జరిపినచో సంఘమున చీలిక వచ్చునని తలపోసి, ఆ చీలికయొక్క గురుత్వము నెఱిగి నడచుకొనుడని బోధించెను. తొలగింపబడినవానితోను, అతని పక్షమువారితోను మఱొక రీతిగా పలికెను: నీకు దోషము కనబడకున్నను, ఈ పెద్దలు నాకొఱకై పక్షపాతమునకో భయమునకో లోబడరని విశ్వసించి, చీలికకు వెఱచి, ఇతరుల మాటమీదనైనను ఒప్పుకొనుమని. దోషము కలదో లేదో ఆయన తేల్చలేదు. తీర్పు అడిగినవారికి తీర్పు నీయక, తీర్పుకంటె ముందు చూడవలసిన దానిని చూపెను. ఎవరు ఎంత వదలుకొనవలెనో సమముగా పంచియిచ్చెను.

వారు వినలేదు. దీర్ఘాయు కుమారుని కథ చెప్పి, తండ్రిని చంపిన రాజును చేతజిక్కియు విడిచిపెట్టిన క్షత్రియకుమారుని ఓర్మిని జ్ఞాపకము చేసినను వినలేదు. తాము ఈ కలహమునకు బాధ్యులముగా నుందుము, భగవానుడు నిశ్చింతగా నుండవచ్చునని ఒక భిక్షువు చెప్పగా, శాస్త తన చీవరమును, పాత్రను తీసికొని ఒంటరిగా వెడలిపోయెను. తమ గురువు మాటను తమ పూర్వులు తిరస్కరించిరన్న ఈ వృత్తాంతమును తుడిచివేయక తరతరములు వల్లెవేసిన ఆ సంఘముపై నాకు మిక్కిలి గౌరవము.

కౌశాంబి విడిచిన బుద్ధుడు ప్రాచీనవంశదావమను వనమునకు పోయెను. అచట అనురుద్ధుడు, నందియుడు, కింబిలుడు అను మువ్వురు భిక్షువులు పాలును నీరునువలె కలిసియుండిరని వినయము చెప్పుచున్నది. వారి ఐకమత్యమెట్టిదని అడుగగా వచ్చిన సమాధానమున సిద్ధాంతమేదియు లేదు. భిక్షాటననుండి ముందు వచ్చినవాడు ఆసనములు పరచును, కాళ్లు కడుగుకొనుటకు నీళ్లు పెట్టును, ఉచ్ఛిష్టపాత్ర కడిగి ఉంచును. వెనుక వచ్చినవాడు మిగిలినది కావలసిన తినును, లేకున్న పారవేయును. ఆసనములెత్తి శాల తుడుచును. త్రాగునీటి కుండ కాని, శౌచపు కుండ కాని వట్టిగా నున్నట్లు ఎవడు చూచునో వాడే నింపును. ఒక్కనికి మోయరానిదైనచో చేసైగతో రెండవవానిని పిలిచి ఇద్దఱును మోయుదురు, దానికై మాటలాడరు. ఐదు దినములకొకసారి రాత్రి యంతయు కూర్చుండి ధర్మచర్చ సేయుదురు. తన ఇష్టమును పక్కనబెట్టి ఈ ఆయుష్మంతుల చిత్తమునకనుగుణముగా నడచుకొందునని అనురుద్ధుడు తన వర్తనను వివరించెను. కౌశాంబిలో పాత్రలోని నీరు ఎవరి దోషమని వాదము. ఇచట కుండలో నీరు లేనిచో ఎవరు నింపవలెనను ప్రశ్నయే లేదు. వినయకర్తలు ఈ రెండు ఘట్టములను ఒకదాని వెంట నొకటి కూర్చుటలో వారి అభిప్రాయము స్పష్టముగానే యున్నది. ఆ మువ్వురికిని అభిప్రాయభేదములు లేకపోయెనని నేననుకొనను; ఐదు దినముల కొకసారి రాత్రి యంతయు చర్చించువారికి భేదములుండకపోవు. చర్చకు వేళ యేర్పఱచుకొని, మిగిలిన వేళ ఒకరి పని నొకరు చేయుటచేతనే ఆ చర్చ కలహము కాకపోయినది.

కౌశాంబి కథ ముగిసిన తీరును గమనింపదగినదే. ఆ పట్టణపు ఉపాసకులు, భగవానుడు మన యూరు విడుచుటకు కారణమైన ఈ భిక్షువులకు నమస్కారము వలదు, భిక్ష వలదని నిశ్చయించిరి. ఉపదేశములకు లొంగనివారు దీనికి లొంగి శ్రావస్తికి పయనమైరి. వారు వచ్చుచున్నారని విని, వారితో నెట్లు మెలగవలెనని అచటనున్న బుద్ధుని పెద్దలు ఒక్కొక్కరే అడిగిరి. గృహస్థుడగు అనాథపిండికునకు లభించిన సమాధానము నాకు మిక్కిలి ప్రియమైనది: ఇరువురకును దానమిమ్ము, ఇరువురి ధర్మమును వినుము, విన్న తరువాత ధర్మవాదుల పక్షమున నుండుము. వసతి మాట వచ్చినపుడు వేఱువేఱు స్థలము లిండనియు, ఖాళీ లేనిచో ఖాళీ చేయించి ఇండనియు, భోజనపదార్థములను మాత్రము అందఱికి సమముగా పంచుడనియు ఆజ్ఞ. అచట ఆ తొలగింపబడిన భిక్షువు ఎవరి ప్రేరణయు లేకయే ధర్మవినయములను తనలో తాను విమర్శించుకొని, తనయందు దోషము కలదని గ్రహించి వచ్చి చెప్పెను. అతనిని మరల చేర్చుకొని, సంఘసామగ్రి యను కర్మ జరిపిరి. సాధారణముగా సంఘకార్యములకు రాలేని రోగి తన సమ్మతిని మఱొకరి ద్వారా పంపవచ్చును. ఈ కర్మకు మాత్రము ఆ వెసులుబాటు లేదు. రోగులు, ఆరోగ్యవంతులు అందఱును ఒక్కచోటికి రావలసినదే.

సంఘమును చీల్చజూచిన దేవదత్తుని ఉదంతము ప్రసిద్ధము గనుక ఒక్క అంశము చెప్పి విడిచెదను. భిక్షువులందఱును యావజ్జీవము అరణ్యవాసము, భిక్షాన్నము, పాంసుకూల చీవరము, వృక్షమూలవాసము, మత్స్యమాంసవర్జనము అను ఐదు నియమములను విధిగా పాటింపవలెనని అతడు కోరెను. కోరినవాడు అడవిలో నుండవచ్చును, కోరినవాడు గ్రామసీమలో నుండవచ్చునను ధోరణిలో బుద్ధుడు ఉత్తరమిచ్చెను. కఠినవ్రతులను ఆయన నిషేధింపలేదు. మహాకాశ్యపుని వంటి కఠినవ్రతిని అగ్రస్థానమున నిలిపెను. ఒకని నిష్ఠను అందఱిపై ఆజ్ఞగా రుద్దుటకు మాత్రము ఒప్పుకొనలేదు. సంఘములను చీల్చువారు శిథిలాచారులే యని మనము తలంచుట పరిపాటి. కఠినాచారనిష్ఠులును చీల్చగలరని ఈ కథ సాక్ష్యమిచ్చుచున్నది.

ఈ యనుభవములన్నిటి సారము అధికరణశమథములను ఏడు పద్ధతులలో కలదు. అందు మొదటిది సమ్ముఖవినయము: ఎవని విషయమున నిర్ణయము చేయుచున్నారో అతడు ఎదుట నుండవలెను. తక్కిన ఆఱింటికి ఇది పునాది. ఎదుట లేనివానిపై సంఘకర్మ జరుపరాదన్న ఈ యొక్క నియమమును ప్రతి సమాజమును నిష్ఠతో పాటించినచో మన సమాజ కలహములు చాలవఱకు పుట్టకయే యుండునని నా అభిప్రాయము. ఏడవది తృణప్రస్తారకము, అనగా అశుద్ధముపై గడ్డి పఱచి కప్పివేయునట్టిది. కలహవేళ ఇరుపక్షములును అనరాని మాటలని, చేయరాని పనులు చేసియుండగా, ఒక్కొక్కదానిని త్రవ్వి విచారించినచో కలహము మఱింత పెరుగునని తోచినపుడు, ఇరుపక్షములును ఒక్కచోట సమావేశమై, పక్షమునకొక్కడు లేచి, తనవారి దోషములను, తన దోషములను కలిపి సంఘముఖమున ఒప్పుకొనును. అంతటితో విచారణ లేకయే సమసిపోవును. అయితే దీనికి హద్దులు పెట్టిరి. గురుతరాపరాధములను, గృహస్థుల విషయమున చేసిన అపరాధములను ఈ గడ్డి కప్పజాలదు. ఐకమత్యము పేరిట బలహీనునకు జరిగిన అన్యాయమును కప్పిపుచ్చు సంఘములు నేడెన్నియో కలవు; అవి ఈ మినహాయింపును శ్రద్ధగా చదువవలెను.

ఐదవదగు యద్భూయసికము, అనగా శలాకలతో అధికసంఖ్యాకుల యభిప్రాయమును గైకొను పద్ధతి, నన్ను పూర్తిగా తృప్తి పఱుపలేదు. శలాకలు పంచువాడు రాగ ద్వేష మోహ భయములకు లొంగనివాడై యుండవలెననుట గొప్ప నియమమే. కాని రహస్యముగా పంచు విధానమున, ఫలితము ధర్మవిరుద్ధముగా వచ్చినట్లు తోచినచో పంపకము సరిగా జరుగలేదని త్రోసిపుచ్చు అధికారమును కూడ అతనికే యిచ్చిరి. ధర్మమేదో అతడే యెఱుగునన్నచో ఇతరుల అభిప్రాయము అడుగుట యెందులకు? ఆ పెద్దలు సంఖ్యాబలమునకు వెఱచిన మాట నిజము. ఆ భయము అర్థము లేనిదియు కాదు. ఐనను అడిగిన పిమ్మట వినకుండుట అడుగకుండుటకంటె అధికముగా నొప్పించును.

బుద్ధుని పరినిర్వాణమునకు నూఱేండ్ల పిమ్మట వైశాలిలో ఈ పద్ధతులకు గొప్ప పరీక్ష వచ్చినది. యశుడను స్థవిరుడు ఆ నగరమునకు రాగా, ఉపోసథదినమున వజ్జి భిక్షువులు కంచుపాత్రలో నీరు నింపి నడుమ పెట్టి, సంఘమునకు కార్షాపణము వేయుడని ఉపాసకుల నడుగుచుండిరి. యశుడు వలదనెను. వారాయనకు వాటా యీయజూచిరి, ఆయన గ్రహింపలేదు. ఉపాసకుల మనస్సు నొప్పించితివి గనుక క్షమాపణ చెప్పుమని శిక్ష విధించిరి. ఆయన శిక్షను ధిక్కరింపక, నియమప్రకారము ఒక సహచరుని తోడు తీసికొని ఉపాసకుల యొద్దకు పోయి, తానెందుకు వలదంటినో శాస్త వచనములతో వివరించెను. ఉపాసకులు ఆయన పక్షమైరి. ఈ వాదము ఉప్పును కొమ్ములో దాచుకొనుటనుండి వెండిబంగారములు పుచ్చుకొనుటవఱకు పది అంశములైనది. ఏడువందల భిక్షువులు సమావేశమైనపుడు మాటలు హద్దు మీఱి, ఒక్క మాటకును అర్థము తెలియరాకపోగా, ప్రాచ్యులనుండి నలుగురను, పాశ్చాత్యులనుండి నలుగురను ఎన్నుకొని ఉపసంఘ మేర్పఱచిరి. రేవతుడు ఒక్కొక్క అంశమునే అడిగెను, సంఘవృద్ధుడగు సర్వకాముడు ఒక్కొక్కదానికే సమాధానము చెప్పెను. అది ముగిసిన తరువాత సభామధ్యమున అవే ప్రశ్నలు మరల అడిగి అందఱి యెదుట మరల చెప్పించిరి. సభ చేయజాలని పనిని చిన్నసంఘమున కప్పగించి, చిన్నసంఘపు నిర్ణయమును మరల సభముందుంచుట నేటి శాసనసభల మర్యాద వంటిదే.

పదియును నిషిద్ధములని తేలెను. చీలిక మాత్రము ఆగలేదు. ఓడినవారు వేఱు సభ జరిపి మహాసాంఘికులైరని సింహళచరిత్ర చెప్పును. ఇతర సంప్రదాయములు అర్హతులను గూర్చిన ఐదు వాదములను కారణముగా చెప్పును. స్థవిరులు వినయమును పెంచజూడగా పాతదానిని నిలుపుకొన్నవారము మేమేయని మహాసాంఘికుల గ్రంథమొకటి వాదించును. అనగా చీల్చినవాడెప్పుడును ఎదుటివాడే. ఇన్ని పద్ధతులు నేర్చిన సంఘమును చీలినదే, పద్ధతుల వలన ప్రయోజనమేమని చదువరి అడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము ఆంధ్రదేశమున దొరకును.

మహాసాంఘికులనుండి వచ్చిన పూర్వశైల, అపరశైల, రాజగిరిక, సిద్ధార్థికులను ‘అంధకులు’ అని, స్థవిరుల వాదగ్రంథమగు కథావత్థుయొక్క అట్టకథ వ్యవహరించినది. వారు మన కృష్ణాతీరమున వర్ధిల్లినవారు. వారి సిద్ధాంతములు మనకు ముఖ్యముగా వారిని ఖండించిన సింహళ స్థవిరుల గ్రంథములవలననే తెలియుచున్నవి. ఎదుటివాని మాటను ముందు అతని నోటనే చెప్పించి, అతడు ఒప్పుకొన్నదానిని ఒప్పుకొన్నట్లే వ్రాసి, అతడు అడిగిన ఎదురుప్రశ్నను సైతము తొలగింపక, అటుపైన ఖండించుట కథావత్థు పద్ధతి. ఖండనగ్రంథమే పూర్వపక్షమునకు ఆయువు పోసినది.

నాగార్జునకొండ లోయలోని విజయపురిలోనైతే ఈ గౌరవము గ్రంథమునుండి గృహమునకు దిగివచ్చినది. ఆ లోయను నాగార్జునసాగర జలములు క్రమ్మకముందు 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి చూడగా ముప్పదికి మించిన బౌద్ధస్థానములు వెల్లడియైనవి. మూడవ శతాబ్దమున ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి అచట అపరమహావినశైలీయులకై మహాచైత్యము నిలిపెను. అతని రాణి భట్టిదేవ బహుశ్రుతీయుల కొక విహారము కట్టించెను. అతని కూతురు, వనవాసరాజునకు రాణియైన కొడబలిసిరి, మహీశాసకుల కొక విహారమిచ్చెను. ఉపాసిక బోధిసిరి సింహళ స్థవిరుల కొఱకు చుళధమ్మగిరిపై చైత్యగృహమును కట్టించెను. ఇందు మొదటి రెండు నికాయములు మహాసాంఘికశాఖవి, తక్కిన రెండును స్థవిరశాఖవి. వైశాలి నాటినుండి వేఱైనవారు ఒకే లోయలో, ఒకే రాజకుటుంబపు అండన, నడచిపోదగిన దూరమున జీవించిరి. ఆ కుటుంబపు మూలపురుషుడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదికుడనుటయు మఱువరాదు. కౌశాంబి ఉపాసకులు ఇరుపక్షములకును భిక్ష మాని కలహమును ఆర్పిరి. విజయపురి స్త్రీలు అన్ని పక్షములకును దానమిచ్చి కలహమునకు చోటులేకుండ చేసిరి. భిక్షువుల సహనమునకు దాతల సహనము ఎంత దన్నుగా నిలిచినదో ఈ శాసనములు చదివిన పిమ్మటనే నాకు బోధపడినది.

ఏడవ శతాబ్దమున చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ ధాన్యకటకమునకు వచ్చునాటికి పలు విహారములు పాడువడియుండెను. అచట అతనికి సుభూతి, సూర్యుడను ఇరువురు భిక్షువులు కలసిరి. వారు మహాసాంఘిక త్రిపిటకమున దిట్టలు. ఇతడు మహాయాన యోగాచారి. ఇతడు కొన్ని మాసములు అచటనే యుండి వారియొద్ద మహాసాంఘిక అభిధర్మమును చదివెను. వారు ఇతనియొద్ద మహాయానశాస్త్రములను చదివిరి. పిదప కలిసి తీర్థయాత్రకు బయలుదేరిరని అతని జీవితచరిత్ర చెప్పుచున్నది. ఎవరి మతమును వారు విడిచినట్లు అందు లేదు.

కావున పద్ధతుల ప్రయోజనము చీలికను ఆపుటలో లేదు; చీలిన తరువాత ఒకరియొద్ద నొకరు చదువుకొనగలుగుటలో నున్నది. సంఘభేదమును అశోకుడు రాజాజ్ఞచే ఆపదలంచెను, ఆగలేదు. ఆజ్ఞ చేయలేని పనిని ఎదుటనుంచి మాటలాడుట, పూర్వపక్షమును నిజాయితీగా చెప్పుట, అన్నము సమముగా పంచుట అను సామాన్యమర్యాదలు కొంతవఱకైనను చేసినవి.

నేడు తెలుగువారు స్వదేశమునను, విదేశములందును సాహిత్యపరిషత్తులు, సేవాసమాజములు, సోదరసంఘములు విరివిగా స్థాపించుకొనుచున్నారు. వాని నియమావళులలో నేను చూచినంతవఱకు సభ్యుని తొలగించు నిబంధన తప్పక యుండును; తొలగించినవానిని మరల చేర్చుకొను విధానము మాత్రము అరుదు. వినయమున తొలగింపు చెప్పిన ప్రకరణముననే, ఏమి జరిగినచో అతనిని తిరిగి పిలువవలెనో, ఎట్లు పిలువవలెనో కూడ చెప్పబడియున్నది. ఇట్టి సంఘముల కార్యనిర్వాహకులకు నా విన్నపమొక్కటే: మీ రాబోవు సర్వసభ్యసమావేశమున ఆ రెండవ నిబంధనను చేర్చుడు. దానిని చర్చించు దినమున, ఇదివఱకు మీరు తొలగించినవారిని సైతము పిలిచి కూర్చుండబెట్టుడు.